అడుగు చూసి వేయండి

ఇటు రండి, నీడలోకి.
నా పేరు నజిబ్రోలా. నోరు తిరక్కపోతే బ్రోలా అనండి,
అప్పులవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు.
ఊరి పేరు త్స్కాల్టుబో. దానికీ సిగ్గుపడకండి.
ఇక్కడ నేల కింది నీళ్ళు పుట్టుకతోనే గోరువెచ్చన,
కాచక్కర్లేదు, చల్లార్చక్కర్లేదు.
పాలు పట్టే తల్లి మణికట్టు మీద బొట్టు వేసుకు చూసినట్టు
భూమే చూసి పంపిస్తుంది.

ఎడమవైపు గుండ్రంగా ఉన్నది ఐదో నంబరు స్నానశాల.
సోవియట్ రోజుల్లో రైలు నిండా కీళ్ళనొప్పులు దిగేవి
గనుల నుంచి, ఓడల నుంచి, గుమాస్తా కుర్చీల నుంచి.
ఒక్కొక్కరికీ చీటీ: ఇరవై నాలుగు రోజులు.
తొట్టిలో పదిహేను నిమిషాలు, మించితే గుండెదడ.
వాలికో అని ఒకాయన ఇసుక గడియారాలు తిప్పేవాడు.
తిప్పి తిప్పి ఆయన కుడి మణికట్టు పట్టేసింది.
దానికి మాత్రం వైద్యం లేదు,
పనివాళ్ళకి చీటీ ఇవ్వరు కదా.
నవ్వండి, పర్వాలేదు. ఇక్కడ అందరూ నవ్వుతారు.

పైన్ చెట్ల మధ్యగా రండి. ఆ ఆవు ఎవరిదో నాకు తెలుసు, ఏం చేయదు.
ఇప్పుడు మీ ముందున్నది శానిటోరియం.
స్తంభాలు లెక్కపెట్టకండి, నాకే ప్రతిసారీ తప్పుతుంది.
మెట్లు, ఫౌంటెన్, ఫౌంటెన్‌లో బంగాళాదుంప మొక్కలు.
మూడో అంతస్తులో ఆరేసిన దుప్పట్లు ఫోటో తీసేముందు
ఒకసారి చెయ్యి ఊపండి. అటునుంచీ ఎవరో ఊపుతారు.

ఇక్కడ నేను చెప్పాల్సిన వాక్యం ఒకటుంది, కంఠతా వచ్చు:
"తొంభై మూడులో అబ్ఖాజియా యుద్ధం నుంచి
పారిపోయి వచ్చినవాళ్ళకి ఈ గదులిచ్చారు."
ఒక్క ఊపిరిలో అయిపోతుంది.
ఆ ఊపిరిలో నాకు తొమ్మిదేళ్ళు.
మంచు కనుమ దాటి వచ్చాం, అమ్మ రబ్బరు చెప్పుల్లో.
రెండువందల పద్నాలుగో గది. తలుపు మీద అప్పటికీ కాగితం:
మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నిశ్శబ్దం పాటించండి.
పదకొండుమందిమి. పాటించాం.
"రెండు వారాలే" అన్నాడు గుమాస్తా, తలెత్తకుండా.
ఆ రెండు వారాలు గడవడానికి
ఇరవై తొమ్మిదేళ్ళు పట్టింది.

లోపలికి. అడుగు చూసి వేయండి.
ఇది నాట్యశాల. నేల లేదు, ఉన్నది సిమెంటు.
ఓక్ చెక్కలుండేవి, చేపముల్లు వరసలో పరిచి మైనం పూసినవి.
మొదటి చలికాలం గోడవార నుంచి మొదలుపెట్టాం, దొంగల్లా.
జనవరికి నడిమధ్యకి వచ్చేశాం.
మైనానికి మంట అంచు నీలం. సూపు రుచి కూడా మైనమే.
పక్క గది త్సిత్సినో ఒక్కో చెక్కా పొయ్యిలో పెట్టేముందు
దాని మీద రెండు వేళ్ళతో నాలుగడుగులు ఆడించేది,
"నీ బాకీ తీరింది పో" అనేది.

ఇవన్నీ మామూలుగా చెప్పను.
మీరు నెమ్మదిగా నడుస్తున్నారు, అందుకని.

మీ ప్రశ్న వినబడింది, టోపీ పెట్టుకున్నాయనా:
ఈ నీళ్ళు నిజంగా నయం చేస్తాయా?
మోకాళ్ళకి చేస్తాయంటారు. చర్మానికీనట.
మా అమ్మ ఆ తొట్లలో పాచి కడిగింది, పందొమ్మిదేళ్ళు.
చేతులు పసిపిల్ల చేతుల్లా మెత్తబడ్డాయి.
ఆ చేతులతోనే నిద్రలో గడియ వెతికేది,
కుడివైపు, కాస్త ఎత్తున.
ఈ గది తలుపుకి అక్కడ గడియ లేదు.

భవనం అమ్ముడుపోయింది. హోటల్ వస్తుందట.
చాలామందికి ఫ్లాట్లిచ్చారు, నాకూ వచ్చింది.
అక్కడ నేలుంది. చెక్కలాగే ఉంటుంది,
దగ్గరికి వంగి చూస్తే చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం.

ఏమిటది, మూలలో దొరికిందా?
ఇలా ఇవ్వండి.
అవును, ఓక్. చేపముల్లు కొస.
మా కంట ఎలా పడలేదో.
జ్ఞాపకంగా ఉంచుకుంటారా? ఉంచుకోండి.
బాగా మండుతుంది.

దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోకండి, ఊగుతుంది.