తోయకు, లాగు

బంగాళాదుంపల కోతకి బడికి మూడు వారాల సెలవు.
సెలవు ముగిసి తిరిగొచ్చేసరికి
గోళ్ళ కింద మన్ను, నడుముల్లో సలుపు,
కిటికీ అద్దాల మీద మొదటి మంచు.
మెయిన్ రాష్ట్రపు ఉత్తర కొసన, ఇంకో అడుగేస్తే కెనడా అనేచోట,
జిమ్ముకీ వంటగదికీ మధ్య ఇరుకు వేదిక మాది.
ఇటు బంతుల మోత, అటు బీన్స్ ఉడికే వాసన.
ఏ విషాదమైనా ఆ రెంటి మధ్యే జరిగి తీరాలి.

రెండో పీరియడ్ నటన. మూడోది దర్శకత్వం.
అన్నాలయ్యాక మేము. కాగితం మీద రంగసజ్జ అని ఉంటుంది.
అంటే మేకులు.
నోరు విప్పలేని వాళ్ళనీ లెక్కల్లో తప్పిన వాళ్ళనీ
ఇక్కడికి తోలేవారు.
నేను రెండు రకాలూ.

మూడు క్లాసులూ పెల్టియర్ టీచరే, ఒక్క జీతానికి.
"గోడంటే ఏమిటి నార్బర్ట్?"
"కర్రచట్రానికి బిగించిన గుడ్డ."
"కాదు. అవతల ఎవరో ఉన్నారని నమ్మించేది"
అని సుత్తి నా చేతిలో పెట్టింది.

నాటకంలో ఒక వంటిల్లు, ఒక ముసలామె,
కలప కొట్టడానికి అడవికెళ్ళి జాడలేని ఆమె మొగుడు.
ముసలామె రీనా తిబొడో. పదహారేళ్ళు.
జుట్టుకి పౌడరు కొడితే తుమ్ములొచ్చాయిగానీ వయసు రాలేదు.
ఏడవమంటే నవ్వేది.
దర్శకత్వం నేర్చుకుంటున్న ఆర్డిస్ స్క్రిప్టు నేలకేసి కొట్టింది:
"మీ అమ్మమ్మ పోయిందనుకోవే!"
"ఎందుకనుకోవాలి? నిన్న బింగోలో నలభై డాలర్లు గెలిచింది."
టీచరు అంది, ఏడవకు.
బల్లమీది గుడ్డ మడతపెట్టు. అంచుకి అంచు కలవాలి.
కలవకపోతే మళ్ళీ.
ఏడోసారి
నిచ్చెన మీద దీపం తిప్పుతున్న నేను
ఆ చేతుల్ని చూసి, చప్పున మొహం తిప్పుకున్నాను.

నా వంతు తలుపు.
కూల్చేసిన రైలు గోదాంలోంచి మోసుకొచ్చిన నిజం తలుపు.
గుడ్డగోడ దాని బరువు ఆగలేదు, వేసినప్పుడల్లా ఒళ్ళంతా వణికేది.
ఇసుకమూటలు చాలక దుంపల బస్తాలు పేర్చాం.
అయినా వెనక ఒకడు పట్టుకుని నిలబడాలి.
ఆ ఒకణ్ణి నేను.

ప్రదర్శన రోజు సాయంత్రం, బస్తాలకి తగుల్తోందని
బందులు విప్పి, తలుపు లోపలికి తెరుచుకునేట్టు బిగించాను.
ఆర్డిస్‌కి చెప్పాను. టీచరుకి చెప్పాను.
రీనాకి చెప్పడం మరిచాను.

బయట మంచు తుఫాను. నూట ఇరవై కుర్చీలు, ముప్ఫై ఏడుగురు మనుషులు,
తడి కోట్ల మీంచి ఆవిరి.
చివరి ఘట్టంలో ఆమె తలుపు తీయాలి, దారి చూడాలి, వెనక్కి తిరగాలి. అంతే.
తోసింది.
తోసింది.
గోడ నా భుజమ్మీదికి ఒరిగింది.
బడికొచ్చిన ఇన్నేళ్ళలో నేను గట్టిగా పలికిన మొదటి మాట:
"తోయకు. లాగు."

దుంపలు నేలలో ఉండే నిశ్శబ్దం.
రీనా గొళ్ళెం వదిలేసింది. తలుపుకి నుదురు ఆనించింది,
చెక్క చిన్నగా కదిలింది నా వైపు.
"ఎవరది?" అంది.
స్క్రిప్టులో లేదు. నా దగ్గరా జవాబు లేదు.
ఊపిరి మాత్రం వినపడే ఉంటుంది.
ముందు వరుసలో ఎవరో ముక్కు చీదారు.
అప్పుడు లాగింది.

ఎదురుగా నేను, నల్లచొక్కా, చేతుల్లో బస్తా.
ఆమె నన్ను చూడలేదు, దారినే చూసింది.
అంత ఖాళీ దారి
జనవరిలో మా ఊళ్ళో కూడా లేదు.

తర్వాత, ఆ బింగో అమ్మమ్మ నా భుజం తట్టకుండా దాటిపోతూ
టీచరుతో అంటోంది:
"తలుపవతల పలికిన ఆ చచ్చినాయన ఉన్నాడే,
వాడే బాగా చేశాడు."

ఇప్పుడు తలుపులు బిగించడమే నా పని.
ఆస్పత్రులకి, అద్దె ఇళ్ళకి, ఓసారి జైలుకి కూడా.
బిగించాక ఒక్క నిమిషం మూసి అవతల నిలబడతాను.
గొళ్ళెం సరిచూస్తున్నాననుకుంటారు.