ఉద్దెర పుస్తకం

ఎనుమాముల యార్డులో దగ్గు లెక్కలోకి రాదు.
తేజ రకం కుప్ప కదిలితే చాలు
షెడ్డు షెడ్డంతా దగ్గుతుంది.
వేలం పాడేవాడు ధర మధ్యలో ఆగి తుమ్ముతాడు,
కాంటా దగ్గర పడుకున్న కుక్క కూడా.
ఎవరిది జ్వరం, ఎవరిది మిరపకాయ అని
కాగితం పట్టుకుని నేను నిలబడితే
హమాలీ మొగిలి నవ్వాడు:
"మేం పుట్టంగనే దగ్గినం మేడం."

ఐస్ డబ్బాలో తొమ్మిది వందల డోసులు.
యార్డులో రెండువేల ఏడు వందల మంది.
ఒక్క రోగి ఒకటిన్నర మందికి అంటిస్తాడని
హన్మకొండ ఆఫీసులో, ఫ్యాను కింద, తేల్చుకుని వచ్చాను.
ముగ్గురిలో ఒకరిని తప్పించగలిగితే
గొలుసు తెగుతుంది.
అతికినట్టు సరిపోయింది అనుకునేలోగా
సూది పదిమందిలో ఏడుగురినే కాస్తుందని గుర్తొచ్చింది.
భాగిస్తే పన్నెండు వందల ఎనభై ఆరు.
మూడు వందల ఎనభై ఆరు డోసులు
ఏ డబ్బాలోనూ లేవు.

"ఒకటిన్నర అంటివి. ఒకడు సరే,
గా సగం మనిషి ఎవడు మేడం?"
సగటు గురించి చెప్పబోయాను.
అప్పటికే కొక్కెం భుజాన వేసుకుని
మొగిలి లారీ వైపు పోతున్నాడు.

లేనిదాన్ని పంచడానికి
సమీకరణం ఒక దారి చూపిస్తుంది:
అందరినీ ఒక్కలా చూడకు,
ఎక్కువమందిని తాకేవాళ్ళను ముందు పట్టుకో.
ఎవరు ఎవరిని తాకుతారు?
హమాలీ సంఘం సభ్యుల జాబితా ఇచ్చింది.
పేర్లు కొట్టేయడానికి మనసొప్పక
చనిపోయినవాళ్ళనీ అందులో ఉంచారు.
మార్కెట్ ఆఫీసు లైసెన్సుల కట్ట ఇచ్చింది.
అసలు సంగతి యాకూబీ చాయ్ బండి కింద ఉంది,
బియ్యం సంచిలో చుట్టిన ఉద్దెర పుస్తకం.

ఏ పొద్దు ఎవరు ఎవరితో తాగారో,
ఎవరి చాయ్ ఎవరి పేరు మీద రాయించారో.
"దడ్వాయి శంభులింగం, మూడో షెడ్డు, ఆరు.
మొగిలి, రాజేరు, వన్ బై టూ."
అదిగో అక్కడ దొరికాడు సగం మనిషి,
ఒక చాయ్, రెండు గ్లాసులు,
మోకాలికి మోకాలు తగిలే బల్ల.

రెండు రాత్రులు ఆ బాకీలన్నీ గడుల్లోకి ఎక్కించాను.
అడ్డంగా ఒకరు, నిలువుగా ఒకరు,
కలిసిన చోట కలిసినన్ని సార్లు.
దడ్వాయిలు పైకి తేలారు,
ప్రతి కుప్పా వాళ్ళ కాంటా ఎక్కాల్సిందే కదా.
అందరికన్నా పైన యాకూబీ.
మొదటి సూది ఆమెకే.
నర్సు ఊర్మిళ దూది అద్దుతుంటే నా వైపు తిరిగింది:
"పుస్తకం తిరిగిస్తవు గదా బిడ్డా?
అండ్ల నాలుగు వేలున్నయ్."

మూడు వారాలకు గీత వంగింది.
పై ఆఫీసు మెచ్చుకుంది.
జబ్బుపడకుండా మిగిలినవాళ్ళు ఎవరో
నాకు తెలియదు, వాళ్ళకీ తెలియదు.
తెలిసింది ఒక్క పేరే.

ఓదెమ్మ. చాట కూలీ.
పరకాల మొదటి బస్సుకు వచ్చి
రాలిన కాయలు ఏరి, చెరిగి,
చీకటిపడ్డాక పోయేది.
ఎంజీఎంలో నాలుగు రోజులు.

గడుల్లో వెతికాను, లేదు.
పుస్తకం మళ్ళీ అడిగి మొదటినుంచీ తిప్పాను, లేదు.
గ్లాసులు కడుగుతూ, నా మొహం చూడకుండా
యాకూబీ అంది:
"ఓదెమ్మనా? ఆమె ఎన్నడు ఉద్దెర వెట్టలే.
దినాం పైసలు చేతుల వెట్టి
గా మూలకు నిలవడి తాగేది.
పక్కన ఎప్పటికి ఓలో ఒకరు."

ఎవరికీ బాకీ లేని మనిషి
నా లెక్కలో ఎవరినీ తాకలేదు.

ఇవాళ పట్టికకు ఒక వరుస కలిపి
పేరు రాశాను.
పక్క గడిలో ఏ అంకె వేయాలో తోచక
చాలాసేపటి నుంచి కర్సర్ మినుకుమంటోంది.
బయట కొత్త సరుకు దింపుతున్నారు, చపాటా.
నాకూ దగ్గు వస్తోంది.