ఆవగింజలో అరవయ్యో వంతు

మానియొటోటో మైదానంలో జూలై అంటే నడి చలికాలం.
కంచె తీగల మీద మంచు పళ్ళు నూరుతుంటుంది.
నేను నర్సుని. కారు డిక్కీలో ఐసుపెట్టె,
పెట్టెలో గొర్రెమాంసం పొట్లాలు.
కొన్నిటికి ఎర్ర దారం, కొన్నిటికి నీలం.
ఏది సెలీనియం కలిపిన మేత మేసిన గొర్రెదో
ఏది ఉత్త గడ్డి మేసినదో
తినేవాళ్ళకీ తెలియదు, మోసే నాకూ తెలియదు.

ఐల్సా డ్రమండ్‌కి డెబ్బై మూడు.
తలుపు తీస్తూనే చొక్కా చెయ్యి మడుస్తుంది.
"ఇవాళ ఎడమచేతి వంతు."
సూది గుచ్చుతుంటే
కిటికీలోంచి మందను లెక్కపెడుతుంది.

ఈ నేలకేం కరువో ఆవిడ పుస్తకాల్లో చదవలేదు.
పెళ్ళయిన ఏడు
ఈనిన గొర్రెల వెనక పిల్లలు లేవలేదట.
కర్రకాళ్ళు, విల్లులా వంగిన వీపులు,
పొదుగు జానెడు దూరంలో ఉన్నా
అందుకోలేని ఆకలి.
డూగల్ ఒకదాన్ని కోసి చూపించాడు:
ఎర్రగా ఉండాల్సిన తొడకండలో తెల్లటి చారలు,
ఉడికిన చేపలా.
గుండె మీద కూడా,
ఎవరో సుద్దముక్కతో గీసి వదిలేసినట్టు.

పశువుల డాక్టరు చిన్న సీసా తెచ్చాడు.
ఎక్కువైతే ఇదే విషం అని రెండుసార్లు చెప్పి
ఊపిరి బిగబట్టి కొలిచి పోశాడు.
ఆవగింజలో అరవయ్యో వంతు కూడా ఉండదు.
పక్క పొలం ఆసామి చెంచాతో పోసి
పదకొండు పిల్లల్ని పాతిపెట్టుకున్నాడు.
"మావి నాలుగోనాటికి లేచాయి."
అది చెప్పేటప్పుడు మాత్రం
ఐల్సా నా కళ్ళలోకి చూస్తుంది.

పదో వారం.
రక్తం సీసా మీద నంబరు రాస్తున్నాను.
"నన్ను కొట్టెయ్యి" అంది.
"మొదటి పొట్లం నుంచీ
సగం లాక్లన్‌కి పెడుతున్నా.
తుంటి విరిగాక వాడు టీ, రొట్టె తప్ప
ఏమీ ముట్టట్లేదు."

నిబంధన ప్రకారం కొట్టెయ్యాలి. కొట్టేశాను.
కలం మూత పెట్టాక అడిగాను,
ఏ కాగితంలోనూ లేని ప్రశ్న:
"ఆయనకెలా ఉంది?"

"నిన్న గిన్నె తనే తెచ్చిచ్చాడు. రోడ్డు దాటి.
కడిగి మరీ."

సెలీనియమా, ఇనుమా,
రోజూ వేడిగా ఇంత కూర దొరకడమా,
అది నీలి దారం పొట్లంలో ఉందో లేదో కూడా
తెలియనిదాన్ని నేనేం చెప్పను?

"ఏమైనా తేడా ఉందన్నాడా?"

"గొర్రెపిల్లలు మాత్రం ఏమన్నాయి?
లేచి పాలు తాగాయి."

కారు దగ్గరికి వస్తూ చూశాను.
పెరట్లో గూస్‌బెర్రీ కొమ్మల్ని
గాలికి విరక్కుండా గుంజలకి కట్టింది.
తొమ్మిది నీలి దారాలు.

ఐసుపెట్టె తెరిచాను.
పదో పొట్లానికి దారం విప్పి జేబులో వేసుకుని
మాంసం ఆవిడ చేతికిచ్చాను.