రెండో గోలీ

మిషన్ ఆసుపత్రి సిస్టరమ్మ ఇంగెబోర్గ్
మేనల్లుడి బతుకు
మాకు తపాలాలో వచ్చేది,
మూడు నెలలు ఆలస్యంగా,
పత్రికల్లోంచి కత్తిరించిన ముక్కలుగా.

నా మోకాలికి టించరు అద్దుతూ చదివేది.
ఆమె తెలుగులో సవర, సవరలో ఒడియా,
అన్నిటి కిందా వాళ్ల సముద్రపు ఊరి యాస.
"మా హార్ట్‌విగ్ గోలీ. రెండో తరగతి జట్టు."
రైలుపెట్టె కాబోలు అనుకున్నాను.

ఫొటోలో పొడుగుచేతుల మనిషి,
ఆకుపచ్చ చొక్కా.
"బంతేదమ్మా?" అంటే
కాసేపు వెతికి
"ఇంకా రాలేదు" అంది.

గుణుపురం మైదానంలో నా గోలు
రెండు వెదురు గడలు.
పైన అడ్డగడ లేదు కనుక
ఆకాశంలోంచి పోయిందీ గోలే.
పర్లాకిమిడి గుంటలు చిన్నబండి దిగొచ్చిన రోజు
ఏడు తిన్నాను.
"ఏటిరా అసిరీ, చేతులా జల్లెడలా?"
అన్నాడు కెప్టెన్ బృందావన్,
బాగా తగలాలని తెలుగులోనే.
పాణిగ్రాహి అన్న ఇంటిపేరు వాడిది,
చేతులు మాత్రం నావి.

ఆ చలికాలం పార్సిలొచ్చింది.
వాడేసిన గ్లౌజులు.
అరచేతుల్లో రబ్బరు పెచ్చులూడి,
ఎడమ బొటనవేలి మీద
ఆత్రానికి కొరుక్కున్న పంటిగాటు.
నా చేతులు వాటిలో ఎలకల్లా తిరిగేవి.
వేళ్లకొసల్లో దూది కుక్కాను,
ఆసుపత్రి దూదే.

పదకొండేళ్లు. మూడు ఊళ్లు.
ఓ రేవు, ఓ బొగ్గుగని, ఇంకోటి నోరు తిరగనిది.
ఆమె లేనప్పుడు ఒకనాడు
ముక్కలన్నీ వరండాలో పరిచాను.
బెంచీ. బెంచీ. భుజాన కోటు, బెంచీ.
వాన, బెంచీ.
ఒక్క ముక్కలో మాత్రం మోకాళ్లకి బురద.

"ఇదేటమ్మా?"
"మొదటివాడికి జ్వరం. వీడు ఆడాడు.
నాలుగు తిన్నాడు."
టించరు సీసా మూత బిగించి
"రాత్రి ఫోన్ చేసి
ఎంత నవ్వాడో వాళ్లమ్మకి" అంది.

తర్వాత రైల్వే నాకు లెవెల్ క్రాసింగ్ ఇచ్చింది.
గోల్‌కీపరు గేట్‌కీపరయ్యాడని
బజారంతా వారం రోజులు నవ్వుకుంది.
రోజుకి రెండు బళ్లు.
మధ్యలో మేకలు, చింతపండు మోపులు,
ఓ పెళ్లివాళ్ల జీపు.
మొదట్లో బండొచ్చిన ఆ రెండు నిమిషాలే
ఉద్యోగమనుకున్నాను.
జెండా చుట్టి చంకలో పెట్టి
ఖాళీ పట్టాలకేసి చూస్తూ చూస్తూ
ఏ ఏడో తెలీదు,
బెంచీమీద మనిషి అర్థమయ్యాడు.
అర్థమయ్యాడంటే, పూర్తిగా కాదు.

సిస్టరమ్మని ఇక్కడే రేలచెట్ల కింద పెట్టాం.
ఆ మరుసటేడు ఎండల్లో
విశాఖపట్నం కారొకటి నా గేటు దగ్గర ఆగింది.
దిగినవాడికి నెరిసిన గడ్డం.
చేతుల్ని బట్టి పోల్చాను.

గుమటీ లోపల మేకుకి వేలాడుతున్న గ్లౌజులు
అతను తీయలేదు.
పంటిగాటు మీద వేలు పెట్టి
ఊరుకున్నాడు.
నాకు అతని మాట రాదు, అతనికి నాది రాదు.
కుండలో నీళ్లిచ్చాను.

అప్పుడు తన్నారు గుంటలు, పక్క బీట్లోంచి.
బంతి గేటు దాటి
పట్టాలకేసి గెంతుకుంటూ వస్తోంది.
దూరాన బండి కూత.
ఇద్దరం కదిలాం.
అతని చెయ్యి నాకన్నా ముందే చాచుకుంది,
బారెడు చెయ్యి, అందేదే,
ఆఖరి క్షణంలో వెనక్కి తీసుకుని
ఓ అడుగు పక్కకి జరిగి
నాకు దారిచ్చాడు.

పొట్టకి అదుముకుని లేచాను.
మోచెయ్యి కంకరకి గీసుకుంది.
బండి వెళ్లేదాకా అతను
నన్ను కాదు, బంతినే చూశాడు.

"మవుసా! బల్! మవుసా!"
గేటవతల గుంటలు గోల.

బంతి అతని చేతుల్లో పెట్టాను.
విసరలేదు.
కాస్త సేపు
అలా ఉంచుకున్నాడు.