ఏడో ప్రశ్న

లోగన్‌లీ స్టేషన్లో దిగి పావుగంట నడిస్తే
శీతల గిడ్డంగి.
బయట ముప్పై ఆరు డిగ్రీల ఎండ,
లోపల సున్నాకి పద్దెనిమిది మెట్లు కింద.
ఈ రెంటి నడుమ టీ గది.
మాస్టర్స్ రెండో ఏడు ప్రాక్టికల్స్‌కి
నాకిచ్చిన బల్ల అక్కడే, మైక్రోవేవ్ పక్కన.

మెడలో బ్యాడ్జి: హైమ, ప్రొవిజనల్ సైకాలజిస్ట్.
"ప్రొవిజనల్ అంటే?" అంది ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ట్రేసీ.
"ఇంకా ఉడకలేదని."
నవ్వింది. ఆ నవ్వుకి నా కాగితంలో గడి లేదు.

నలభై రెండు ప్రశ్నలు.
అందరూ గబగబా అంకెలు వేసేసి టీకి లేచారు.
ఫిలెమోని ఒక్కడే ఏడో దాని దగ్గర ఆగిపోయాడు:
ఇక్కడ భయం లేకుండా మాట్లాడగలం.
ఒకటి నుంచి అయిదు లోపు.

ఆయన కూర్చుని ఉన్నాడు, గ్లవ్స్ మోకాళ్ల మీద.
నేను నిలబడి ఉన్నాను, అట్ట గుండెలకి ఆనించుకుని.
"ఎవరం?" అన్నాడు.
"అంటే… ఇక్కడున్న అందరం."
పెన్నుకి మూత పెట్టేశాడు.

ఆ రాత్రి సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీలో
ముప్పై ఎనిమిది మంది సగటు పోసింది: మూడు పాయింట్ ఆరు.
తప్పేం కాదు, పాఠంలో ఉన్న పద్ధతే.

"ఆయన ఊరుకున్నాడు, సరే,"
అంది సూపర్‌విజన్లో డాక్టర్ ఇలీన్ ప్రాట్,
"ఆ ఊరుకోవడాన్ని నువ్వేం చేశావు?"
నాలిక కరుచుకున్నాను.
సంస్కృతుల మీద నా వ్యాసానికి
డెబ్భై ఎనిమిది మార్కులు వేసింది కూడా ఆవిడే.

మర్నాడు ట్రేసీ నా మోచెయ్యి పట్టి లాగింది:
"ముందు కూర్చో.
కూర్చున్న పెద్దాయన నెత్తిన నిలబడి అడగరు.
ఈ ముక్క తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది."

కూర్చున్నాను.
రెండు టీలు చల్లారేదాకా ఎవరమూ మాట్లాడలేదు.
తర్వాత ఆయనే అన్నాడు:
"మా సమోవన్‌లో రెండు మాటలు.
తాతౌ అంటే నువ్వు కూడా.
మాతౌ అంటే నిన్ను విడిచిపెట్టి.
నీ కాగితంలో ఉన్నది ఏది?"

నా చెవికది 'మాతో' అని వినబడింది,
అర్థమేమో 'నువ్వు లేకుండా'.
నవ్వొచ్చింది. సగంలో ఆగింది.

మనం. మేము.
ఉగ్గుపాలతో వచ్చిన తేడా,
ఇంగ్లీషు ఒక్క మాటలో కలిపేస్తే కలిసిపోయిందనుకున్నాను.

కాదు, అంతకు ముందే తెలుసు నాకు.
పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీకి ఆరేళ్లు హెచ్చార్‌ని.
గేటు మీద బోర్డు నేనే రాయించాను:
ఇది మన కుటుంబం.
ఆ మార్చిలో నూట పన్నెండు ఉత్తరాలూ నేనే రాశాను:
మేము చింతిస్తున్నాము.
ఏ తెలుగు మేష్టారూ దిద్దనక్కర్లేదు,
వ్యాకరణం అంత నిక్కచ్చిగా ఉంది.

ఏడో ప్రశ్నని రెండుగా చీల్చాను:
ఆఫీసు తలుపుకి ఇవతలి వాళ్లం.
అవతలి వాళ్లతో కలిపి.
పక్కన చేత్తో మాతౌ, తాతౌ.
"పోయినేడాది స్కోరుతో పోల్చలేం," అని మేనేజర్ గునిశాడు.
"నిజమే, పోల్చలేం," అంది ఇలీన్,
అంటూనే కాపీలు తీసింది.

ఫిలెమోని మొదటి గడిలో అయిదు వేశాడు,
కాగితం వెనక అచ్చు తేలేంత గట్టిగా.
రెండో దాని దగ్గర
అద్దాల గది వైపు చూశాడు.
తర్వాత నా బ్యాడ్జి వైపు.
కాగితం నాకిచ్చేశాడు.

ఈసారి నింపలేదు.
ఎందుకు నింపలేదో రాయడానికి రెండు పేజీలు పట్టింది.

నా లాగ్‌బుక్‌లో 'సాంస్కృతిక సామర్థ్యం' పక్కన
ఇలీన్ సంతకం పెట్టలేదు.
పెన్సిల్‌తో రాసింది: నడుస్తోంది.

రైలు పదకొండు నిమిషాలు ఆలస్యం.
ప్లాట్‌ఫాం మీద ఎండ మండుతోంది,
చేప పెట్టెలు మోయబోయిన నా వేళ్లు మాత్రం
ఇంకా మొద్దుబారే ఉన్నాయి.