పసుపు కింద

పసుపు దాకా లేవదు నా చెయ్యి.
ముప్పై మీటర్ల అవతల ఆ గుండ్రం కనిపించిందా,
విల్లు మీది పిన్ను ఎరుపులోనే ఆగిపోతుంది,
ఎవరో మోచేతికి ఇటుక కట్టినట్టు.
బలవంతాన లేపితే
లేచీ లేవకముందే
వేళ్ళు వాటంతటవే విచ్చుకుంటాయి.
"నేను వదల్లేదు సార్" అంటాను.
"మరెవరు వదిలారు?" అంటాడు జిలానీ సారు.

నెల్లూరు సెలెక్షన్లలో ఆరు బాణాలకి
రెండు నేలలో దిగాయి.
ఒకటి పక్కమ్మాయి టార్గెట్లో.
ఆ పిల్ల దాన్ని పీకి, మొన తుడిచి
మర్యాదగా తెచ్చి నా చేతికిచ్చింది.
ఆ మర్యాద ఇంకా గుచ్చుకుంటానే ఉంది.

తెల్లారుజామున పొదలకూరు యార్డులో
నిమ్మకాయలు ఏరే పని నాది.
మచ్చకాయ ఒక పక్క, మెత్తకాయ ఒక పక్క,
ఢిల్లీ లారీకి గట్టికాయ.
సెలెక్షన్ల నించి వచ్చిన వారమంతా
ఆ పసుపు కుప్ప చూస్తేనే అరచేతులు తడి.
"ఏందిమే, కాయ నిన్ను కరుస్తాదా?"
కాటా దగ్గర నించి సుబ్బరత్నమ్మ నవ్వు.

జిలానీ సారు టార్గెట్ కాగితం ఊడబెరికి
నాలుగు మడతలు పెట్టి
స్కూటర్ సీటు కింద దాచేశాడు.
"నెల దాకా ఇది నీకు చూపీను."
వరిగడ్డి మోపు తాళ్ళతో బిగించి
మూడడుగుల దూరంలో నిలబెట్టాడు.
"కళ్ళు మూసుకో హైమా."

కళ్ళు మూసుకుని వెయ్యడానికా
మూడేళ్ళ ఏరుడు కూలి పోసి ఈ విల్లు కొన్నది?

మూసుకున్నాను.
కొత్తగడ్డి వాసన.
కాలవ అవతల ఎవరిదో మోటారు దగ్గుతోంది.
నారి గడ్డాన్ని తాకింది, ముక్కు కొసని తాకింది.
"ఇంక వేళ్ళని మర్చిపో.
వీపులో రెండు రెక్కలుండాయి గదా,
పసిబిడ్డ నిద్రపొయ్యే ఇంట్లో తలుపు మూసినట్టు
మెల్లగా మూస్తా ఉండు.
ఎప్పుడు పోతాదో నీకే తెలీకూడదు."

తెలీకుండా చెయ్యడం ఎట్టా?
పన్నెండు రోజులు తెలిసే పోయింది.
గడ్డిమోపుక్కూడా జడిసింది నా చెయ్యి.
పదమూడో రోజు అసలు వదలనే వద్దన్నాడు.
లాగు. ఆగు. దించు.
లాగు. ఆగు. దించు.
యాభై దాటాక లెక్క నేనే మానేశాను.
ఎక్కుపెట్టిన బాణాన్ని వెనక్కి తీసి పొదిలో పెట్టి
నీళ్ళు తాగి ఇంటికి పోవడం
ఓడిపోవడం కాదని
వేళ్ళకి అర్థం కావడానికి ఆ వారం పట్టింది.

ఒక తెల్లారుజామున యార్డులో కరెంటు పోయింది.
లారీ వాడు తొందర పెడుతున్నాడు.
చీకట్లోనే ఏరుతున్నాం అందరం.
కాయ చేతికొస్తోంది, పోతోంది.
గట్టిది గట్టి బుట్టలో, మెత్తది మెత్త బుట్టలో.
లైట్లు వచ్చాక సుబ్బరత్నమ్మ బుట్టలు తిరగేసి
ఒక్క కాయ తప్పు పట్టలేకపోయింది.
నేను నా చేతుల వంక చూసుకున్నాను,
ఎవరివో చూసినట్టు.

ఆ సాయంత్రమే అనను. నాలుగు రోజుల తర్వాత.
కళ్ళు మూసుకుని రెక్కలు మూస్తా ఉన్నాను,
మోటారు దగ్గుతా ఉంది,
ఠప్పున నారి పోయింది.
ఉలిక్కిపడ్డాను.
సారు టీ గ్లాసు దించలేదు, మాట్లాడలేదు.
"ఇంకోటి" అన్నాడంతే, కాసేపాగి.

నెల తిరిగాక సీటు కింద నించి కాగితం తీశాడు.
మడత సరిగ్గా పసుపు మీదుగా పోయింది.
ఐదు మీటర్లు.
పిన్ను పోయి మళ్ళీ ఎరుపులో ఆగింది, పాత చోటే.
దించాను.
మళ్ళీ లాగాను.
వణికితే వణకనీ, అక్కడే ఉండనీ అనుకుని
లోపల తలుపు మూస్తా పోయాను.

బాణం ఎరుపులో దిగింది.
పసుపుకి బెత్తెడు కింద.

"ఎవరు వదిలారు?" అన్నాడు సారు.
"తెలీదు సార్."
ఆయన మొదటిసారి నవ్వాడు.
రేపు పది మీటర్లంట.