ఒకే గాటన

అక్టోబర్ వస్తే మా స్కోనేలో
రోడ్లన్నీ చక్కెర దుంపల లారీలే.
ఫ్యాక్టరీ గేటు ముందు బారులు,
గాలికి ఉడుకుతున్న తీపి, కొంచెం మట్టి.
చక్కెర పండించే నేల ఇది.
నేను చక్కెర కొలిచే నర్సుని.

ఇరవై ఆరేళ్లుగా ఇదే కుర్చీ పక్కన.
చేయి చాపమంటాను, పిడికిలి బిగించమంటాను,
గొట్టంలో నెత్తురు నిండేలోగా
వాన గురించి ఓ మాట.
పెద్దయ్యాక వచ్చిందా, రెండో రకం.
అంతే.
అందరినీ ఒకే గాటన కట్టేశాం.

దుంపల లారీ తోలే సిక్స్‌టెన్,
స్టీరింగుకీ సీటుకీ మధ్య ఇమడని పొట్ట.
చర్చిలో ఆర్గన్ వాయించే ఆల్ఫ్‌హిల్డ్,
ఎనభై ఒక్కేళ్లు, పిచ్చుకంత మనిషి.
బోస్నియా యుద్ధం దాటొచ్చి
మాల్మోలో రొట్టెలు కాల్చే నిహాద్,
బెల్టుకి ఏటా కొత్త చిల్లు పొడుచుకునేవాడు.
ముగ్గురికీ అదే మాత్ర, అదే కరపత్రం,
తక్కువ తినండి, ఎక్కువ నడవండి.
"ఇంకా తక్కువ తింటే
నా నీడ కూడా మిగలదు, ఇంగెయర్డ్"
అని నవ్వాడు నిహాద్.
నేనూ నవ్వాను. అది తలచుకుంటే ఇప్పుడు సిగ్గు.

తర్వాత యూనివర్సిటీ వాళ్లొచ్చారు.
చక్కెర ఒక్కటే కాదన్నారు.
ఏ వయసులో మొదలైంది, ఒళ్లెంత,
మూణ్ణెల్ల సగటు ఎంత,
సొంతింటి మీదే కత్తి దూసే యాంటీబాడీ ఉందా,
క్లోమంలో ఇంకా ఓపికెంత,
ఇన్సులిన్ వచ్చి తడితే ఒళ్లు తలుపు తీస్తోందా.
అన్నీ పోసి కంప్యూటర్ చెరిగింది.
ఐదు కుప్పలు తేలాయి.

ఆల్ఫ్‌హిల్డ్‌ది వయసుతో వచ్చిన నెమ్మది జబ్బు.
"అయితే ఆదివారం దాల్చిన బన్ను?"
సగం, అన్నాను.
సిక్స్‌టెన్‌ది ఒళ్లు తెచ్చిన జబ్బు, అదీ నెమ్మదిదే.
నిహాద్‌ది కాదు. అతని క్లోమం చేతులెత్తేసింది,
మొదటి దెబ్బ కంటికే.
ఆ వారమే ఇన్సులిన్, ఆ వారమే కంటి డాక్టరు.
యాంటీబాడీల కుప్పలో ఒక పోస్టుమన్ దొరికాడు,
పదేళ్లుగా తప్పు మాత్రలు మింగుతూ.

మిగిలింది ఇంకొక్క కుప్ప.
ఇన్సులిన్ పుష్కలం, ఒళ్లే వినదు.
చక్కెర అంకె మాత్రం బుద్ధిమంతురాలు.
చడీచప్పుడూ లేకుండా
కిడ్నీలు పోతాయి.
ఆ పేరా దగ్గర కాగితం మూసి
కిటికీ దాకా నడిచాను.

నా ఆల్వార్.
రిపోర్టు చూసిన ప్రతిసారీ భేష్ అనేవాళ్లం,
డాక్టరూ, నేనూ.
మార్కులు చూపించే బడిపిల్లాడిలా
ఆ అంకెల్ని ఫ్రిజ్ మీద అంటించేవాడు.
డయాలసిస్ మంచం మీద కూడా
"నా చక్కెర మాత్రం ఫస్టు క్లాసు" అనేవాడు.

ఆయన నెత్తురు ఇంకా ఉందట,
గడ్డకట్టే చలిలో ఒక గొట్టం, ఒక నంబరు.
కావాలంటే చూసి చెబుతామన్నారు.
వద్దన్నాను.
ఏ కుప్పో నాకు తెలుసు.

ఈ కుప్పలూ రాతి గోడలేం కావు.
గీత మీద నిలబడ్డవాళ్లున్నారు,
ఇవాళ ఇటు, రెండేళ్లకి అటు.
రేపెవరో వచ్చి
ఐదు కాదు తొమ్మిది అనొచ్చు.
అననీ.

ఇవాళ ఓ కొత్తావిడ వచ్చింది.
బయట లారీలు, అద్దం మీద బురద చుక్కలు.
ఒకటి నింపాక రెండోది, రెండో దాని తర్వాత మూడోది.
"ఒక్క చక్కెరకి ఇన్ని గొట్టాలా?" అంది.
వాన గురించి అనబోయి ఆగాను.
"మా ఆయన చక్కెర చాలా బాగుండేది" అన్నాను.